మీ ఫొటోను ఇంట్లోనే చక్కగా ప్రింట్ తీయడం ఎలా

రామప్ప గుడి చూరు కింద నిలబడ్డ మదనిక శిల్పం ఫొటోను మొదటిసారి ప్రింట్ తీసినప్పుడు నా చేతికి వచ్చింది ఒక నల్లటి ముద్ద. స్క్రీన్ మీద ఆమె చేతి గాజులు, మెడలో హారాలు, నడుము దగ్గర వస్త్రం మడతలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. వెనకాల ఎర్రటి ఇసుకరాయి కాగితం మీద కూడా బాగానే వచ్చింది. నల్లరాతి శిల్పం మాత్రం చీకట్లో కలిసిపోయింది. ప్రింటర్ పాడైందేమోనని రెండుసార్లు హెడ్ (ఇంకు చిమ్మే భాగం) క్లీనింగ్ చేశాను. ఇంకు ఖర్చయింది, ప్రింట్ మారలేదు.

ప్రింటర్‌లో ఏ లోపమూ లేదని తర్వాత అర్థమైంది. స్క్రీన్ తన వెలుగు తానే ఇస్తుంది. కాగితానికి సొంత వెలుగు లేదు, గదిలో ఉన్న వెలుగునే తిరిగి మన కంటికి పంపుతుంది. అందుకే స్క్రీన్ మీద సరిపోయిన ఫొటో కాగితం మీద మసకగా కనిపిస్తుంది, నీడల్లో ఉన్నదంతా మునిగిపోతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకొని, పెద్ద ప్రింట్‌కు ముందు చిన్న ముక్క తీసి చూసే అలవాటు చేసుకుంటే, స్టూడియోకు పోకుండానే గోడకు తగిలించే ప్రింట్ ఇంట్లో తీసుకోవచ్చు. హనుమకొండలో మా ఇంట్లో, సీసాతో ఇంకు పోసుకునే ఒక ఆరు రంగుల ట్యాంక్ ప్రింటర్‌తో నేను చేసే పద్ధతినే మొదటి నుంచి చెబుతాను.

ముందు ఫైలు సంగతి

ఫొటో పంపమంటే అందరూ వాట్సాప్‌లో పంపుతారు. ప్రింట్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. మామూలుగా పంపిన ఫొటోను వాట్సాప్ పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించేస్తుంది. హెచ్‌డీ అని పంపినా కొంత నొక్కే పంపుతుంది. కాబట్టి ఫొటోను 'డాక్యుమెంట్'గా పంపమని అడగండి, లేదా గూగుల్ డ్రైవ్‌లో పెట్టమనండి. అప్పుడే కెమెరా తీసిన అసలు ఫైలు మీకు అందుతుంది. ఇది అడగడానికి మొహమాటపడొద్దు.

ఎంత ఫైలుకు ఎంత ప్రింట్ వస్తుందో లెక్క సులువే. ఒక్కో అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే చేతిలో పట్టుకొని చూసినా గీత కూడా చెదరదు. 4×6 అంగుళాల ప్రింట్‌కు 1200×1800 పిక్సెళ్లు చాలు. 8×12కు 2400×3600, 12×18కు 3600×5400 కావాలి. ఇప్పటి ఫోన్లలో మామూలుగా వచ్చే 12 మెగాపిక్సెళ్ల ఫొటో 4000×3000 ఉంటుంది. అంటే 300 లెక్కన 13×10 అంగుళాల దాకా హాయిగా వెళ్లొచ్చు. గోడ మీద నాలుగడుగుల దూరం నుంచి చూసే ఫొటోకు 200 ఉన్నా తేడా కనిపించదు. వాట్సాప్ నుంచి వచ్చిన 1600×1200 ఫైలు మాత్రం 200 లెక్కన కూడా 8×6 అంగుళాల దగ్గరే ఆగిపోతుంది.

ప్రింటర్ డబ్బా మీద రాసే 5760×1440 లాంటి అంకెలు వేరు. అవి ఇంకు చుక్కలను ఎంత దగ్గరగా వేయగలదో చెప్పేవి. ఒక్క పిక్సెల్ రంగు రావడానికి ప్రింటర్ చాలా చుక్కలు వేస్తుంది. ఆ అంకెను ఫొటో పిక్సెళ్లతో కలిపి అయోమయపడకండి.

మన ఇళ్లలో ఎక్కువగా వచ్చే అవసరం ఇంకొకటి ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు పోతే, పదో రోజుకల్లా ఫ్రేమ్ కట్టిన ఫొటో కావాలి. దొరికేది ఏదో పెళ్లిలో తీసిన గ్రూప్ ఫొటో, అందులో వారి ముఖం 300 పిక్సెళ్లు కూడా ఉండదు. దాన్ని ఎంత సాగదీసినా ముఖం రాదు. అలాంటప్పుడు పాత ఆల్బమ్ వెతకండి. కాగితం మీదున్న 4×6 ఫొటోను 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన, స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి, 8×12 ప్రింట్‌కు సరిపోతాయి. ఫోన్‌తో ఫొటోకు ఫొటో తీస్తే ట్యూబ్‌లైట్ మెరుపు పడుతుంది, అంచులు వంకరవుతాయి, అందుకే స్కానరే మేలు. ఆల్బమ్ అట్టకు అంటుకుపోయిన ఫొటోను పీకొద్దు, అట్టతో సహా స్కానర్ మీద పెట్టండి.

ఫొటోను పెద్దది చేసే ఏఐ యాప్‌లు ఇప్పుడు చాలా ఉన్నాయి. పూలు, చెట్లు, గోడలకు అవి పనికొస్తాయి. ముఖాలకు మాత్రం నేను వాడను. మా నానమ్మ ఫొటోను అలా పెద్దది చేస్తే కళ్లు మెరుస్తూ వచ్చాయి, చర్మం నునుపుగా వచ్చింది, కానీ అవి మా నానమ్మ కళ్లు కావు. ఫొటో చూసి బాపు చాలాసేపు ఏమీ అనలేదు. ఆ ప్రింట్ పక్కన పెట్టి, కాస్త మసకగా ఉన్నా అసలు ఫొటోనే 5×7 సైజులో తీసి, చుట్టూ వెడల్పుగా మౌంట్ బోర్డ్ (అంచులా పెట్టే దళసరి అట్ట) పెట్టి ఫ్రేమ్ కట్టించాను. చిన్న ఫొటోకు పెద్ద ఫ్రేమ్ చాలా నిండుగా ఉంటుంది. ఈ ఉపాయం గుర్తుంచుకోండి.

ప్రింటర్, ఇంకు

కొత్తగా కొనేవాళ్లకు నా సలహా ఆరు రంగుల ట్యాంక్ ప్రింటర్. నాలుగు రంగుల ఆఫీసు ప్రింటర్‌లో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు మాత్రమే ఉంటాయి. లేత ఆకాశం, బుగ్గల మీద వెలుగు లాంటి చోట్ల అవి చుక్కలను దూరదూరంగా వేస్తాయి, గరుకుగా కనిపిస్తుంది. లేత సయాన్, లేత మెజెంటా కూడా ఉన్న ప్రింటర్లలో ఆ గరుకుతనం పోతుంది. ఎప్సన్‌లో ఏ4 సైజుకు ఎల్8050, ఏ3 ప్లస్ సైజుకు ఎల్18050 ఇలాంటివే. క్యానన్ జీ570, జీ670లలో లేత రంగులకు బదులు ఎరుపు, బూడిద రంగు ఇంకులు కలుపుతారు. ఇవన్నీ డై ఇంకులు, అంటే నీళ్లలో పూర్తిగా కరిగే రంగులు. గ్లాసీ కాగితం మీద నిగనిగలాడతాయి కానీ ఎండకు, గాలికి తొందరగా వెలిసిపోతాయి. పిగ్మెంట్ ఇంకులో రంగు సన్నటి పొడిగా ఉండి కాగితం మీద నిలబడుతుంది, చాలాకాలం మన్నుతుంది. క్యానన్ ప్రో-300, ఎప్సన్ పీ700 లాంటివి ఆ రకం. వాటి ధర, కాట్రిడ్జ్‌ల ఖర్చు ఎక్కువ. ప్రింట్లు అమ్మేవాళ్లకు తప్ప ఇంటి అవసరానికి డై ఇంకు చాలు.

ఇంట్లో ఇప్పటికే నాలుగు రంగుల ప్రింటర్ ఉంటే దాంతోనే మొదలుపెట్టండి. ఒక్కటి చూసుకోండి. కొన్నింటిలో నలుపు మాత్రం పిగ్మెంట్, మిగతావి డై ఉంటాయి. ఆ నలుపు అక్షరాల కోసం పెట్టింది, గ్లాసీ కాగితానికి పట్టదు. అందుకే గ్లాసీ మీద ప్రింటర్ మూడు రంగులు కలిపి నలుపు చేస్తుంది. ఆ నలుపులో లోతు ఉండదు, కొంచెం ఆకుపచ్చగానో గోధుమ రంగుగానో తేలుతుంది.

చవకగా దొరికే వేరే కంపెనీ ఇంకు పోసి నేను ఒక సంవత్సరం నష్టపోయాను. ఒక షాపులో "అంతా ఒకటే సార్" అంటే నమ్మి కొన్నాను. ప్రింట్ తీసిన రోజు బాగానే ఉంది. సంవత్సరం తిరిగేసరికి హాల్లో పెట్టిన ఫొటోలో నీలం వెలిసి ముఖాలన్నీ నారింజ రంగుకు తిరిగాయి. అంతేకాదు, కాగితం కంపెనీ ఇచ్చే కలర్ ప్రొఫైల్ (రంగు ఎలా వస్తుందో చెప్పే చిన్న ఫైలు) అసలు ఇంకును బట్టి తయారు చేసింది. ఇంకు మారితే అది పనికిరాదు. ఇంకు దగ్గర పొదుపు చేయకండి. పొదుపు చేసే చోటు ఇంకోటి ఉంది, అది టెస్ట్ ముక్క. దాని గురించి కింద చెబుతాను.

మన ఎండల గురించి ఒక మాట. మే నెలలో 40 డిగ్రీలు దాటే రోజుల్లో, పొడి గాలికి నాజిళ్లు, అంటే హెడ్‌లో ఇంకు వచ్చే సన్నటి రంధ్రాలు, తొందరగా ఎండిపోతాయి. వారానికి ఒకసారైనా ఒక చిన్న రంగుల పేజీ తీయండి. ప్రింటర్‌ను గోడ స్విచ్‌తో ఆపొద్దు. దాని బటన్‌తోనే ఆపితే హెడ్ తన చోటికి పోయి మూత కింద కూర్చుంటుంది. మధ్యలో కరెంటు పోతే హెడ్ గాలికి తెరుచుకొని ఉండిపోతుంది కాబట్టి ఇన్వర్టర్ లైనుకు కలపడం మంచిది. ప్రింట్‌లో సన్నటి అడ్డగీతలు కనిపిస్తే వెంటనే క్లీనింగ్‌కు పోకండి. ముందు నాజిల్ చెక్ అనే గళ్ల పేజీ తీయండి. గళ్లలో ఎక్కడైనా తెగితేనే ఒకసారి క్లీనింగ్ చేసి, మళ్లీ చెక్ తీయండి. రెండు మూడుసార్లకు తెరుచుకోకపోతే ఒక రాత్రి వదిలేసి పొద్దున చూడండి, చాలాసార్లు అదే కుదురుకుంటుంది. క్లీనింగ్ చేసిన ప్రతిసారీ ఇంకు లోపలి వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది, ఆ ప్యాడ్ నిండితే అదో కొత్త టెన్షన్.

కాగితం

కాగితం బరువును జీఎస్ఎంలో, అంటే చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని చెబుతారు. స్టేషనరీ షాపుల్లో దొరికే 130, 180 జీఎస్ఎం గ్లాసీ షీట్లు చేయి తిరగడానికి బాగుంటాయి. గోడకు తగిలించేదానికి 260 లేదా 270 జీఎస్ఎం ఆర్‌సీ కాగితం తీసుకోండి. ఆర్‌సీ అంటే కాగితానికి రెండు వైపులా ప్లాస్టిక్ పొర ఉండేది, స్టూడియో ప్రింట్ పట్టుకున్నట్టే ఉంటుంది, ముడతలు పడదు.

గ్లాసీలో నలుపు లోతుగా వస్తుంది, రంగులు పొంగుతాయి, కానీ ట్యూబ్‌లైట్ కింద అద్దంలా మెరిసి ఫొటో కనిపించదు. మ్యాట్‌లో మెరుపు ఉండదు, అయితే నలుపు ముదురు బూడిద రంగు దగ్గరే ఆగిపోతుంది. రెండింటికీ మధ్యది లస్టర్, సన్నటి గరుకు ఉన్న కాగితం. ఇంటి గోడకు నేను ఎప్పుడూ లస్టరే వాడతాను. మదనికల నల్లరాతికి మ్యాట్ అస్సలు వద్దు. పాఖాల చెరువు మీద పొద్దుటి మంచు, పాత గడపల తలుపులు, బట్టలు ఆరేసిన పెంకుటిల్లు లాంటి మెత్తటి ఫొటోలకు మ్యాట్ చాలా అందంగా ఉంటుంది. దూది గుజ్జుతో చేసే కాగితాలు కూడా ఉన్నాయి. జర్మనీలో 1584 నుంచి కాగితం చేస్తున్న హానెముల్లే వారి 308 జీఎస్ఎం ఫొటో రాగ్ అందులో పేరున్నది. అది పిగ్మెంట్ ఇంకుతో వాడితేనే దాని విలువ తెలుస్తుంది.

ఏ వైపు ప్రింట్ తీయాలో తెలియకపోతే వేలు కొంచెం తడి చేసి మూల దగ్గర తాకండి. అంటుకున్నట్టు అనిపించేదే పూత ఉన్న వైపు.

మన దగ్గర కాగితానికి పెద్ద శత్రువు ముసురు. వర్షాకాలంలో నాలుగు రోజులు వాన పట్టిందంటే బయట పెట్టిన కాగితం చెమ్మ పీల్చి వంగుతుంది. వంగిన అంచు హెడ్‌కు రాసుకొని నల్లటి మరక పడుతుంది. కావలసిన షీటు ఒక్కటే తీసుకొని మిగతావి వెంటనే జిప్ కవర్‌లో మూసేయండి. వంగిన షీటు ఉంటే ప్రింట్ తీసే ముందు రెండు పెద్ద పుస్తకాల మధ్య కాసేపు ఉంచండి.

స్క్రీన్‌ను కాగితం దగ్గరికి తేవడం

రంగు కొలిచే పరికరాలు ఉన్నాయి. స్క్రీన్ వెలుగును చదరపు మీటరుకు 100 క్యాండెలాల దగ్గర, తెలుపును 6500 కెల్విన్ల దగ్గర పెట్టమని చెబుతాయి. అంత ఖర్చు పెట్టలేకపోతే ఇలా చేయండి. స్క్రీన్ మీద పూర్తి తెల్లటి పేజీ తెరవండి. పక్కన కిటికీ వెలుగులో ఒక ఖాళీ ఫొటో కాగితం పట్టుకోండి. రెండు తెలుపులూ ఒకే వెలుగులో ఉన్నట్టు అనిపించేదాకా స్క్రీన్ బ్రైట్‌నెస్ తగ్గించండి. చాలామంది ల్యాప్‌టాప్‌లలో అది సగం కంటే కిందకు దిగుతుంది. ముందు చీకటిగా అనిపించినా పది నిమిషాల్లో కళ్లు అలవాటు పడతాయి. నైట్ లైట్ లాంటివి ఆపేయండి. రాత్రి ట్యూబ్‌లైట్ కింద రంగులు దిద్దకండి.

ఈ ఒక్క పని చేసుంటే నా మదనిక నల్లముద్ద అయ్యేది కాదు. ఎక్కువ వెలుగున్న స్క్రీన్ ముందు కూర్చొని నీడలు చాలు అనుకున్నాను.

ప్రింట్ కోసం ఫొటోను దిద్దడం

అసలు ఫైలును ముట్టుకోకుండా ప్రింట్ కోసం ఒక కాపీ చేసుకోండి. లైట్‌రూమ్, ఫొటోషాప్ ఉంటే మంచిదే. లేకపోతే ఉచితంగా దొరికే గింప్, డార్క్‌టేబుల్ చాలు. మన చుట్టూ తీసే ఫొటోల్లో మూడు రకాల చిక్కులు వస్తాయి.

మొదటిది నల్లరాయి. రామప్ప మదనికలు, వేయిస్తంభాల గుడి నంది, కాకతీయుల ద్వారాల పక్కన చెక్కిన నునుపైన రాతి పని అన్నీ ఇదే రకం. మొత్తం ఫొటో వెలుగు పెంచితే వెనకాల ఉన్న ఇసుకరాయి తెల్లబోతుంది. షాడోస్ అనే స్లైడర్‌ను మాత్రమే పైకి జరపండి, శిల్పంలోని చెక్కడం కొంచెం అతిగా తేలిందే అనిపించేదాకా. తర్వాత అన్నిటికంటే నల్లగా ఉన్న ఒకటి రెండు చోట్లు నిజమైన నలుపుగా మిగిలేలా బ్లాక్స్‌ను కొద్దిగా కిందకు దించండి. నలుపు ఎక్కడో ఒకచోట లేకపోతే రాయి బూడిద పట్టినట్టు ఉంటుంది.

రెండోది బతుకమ్మ. తంగేడు పసుపు, బంతి నారింజ, రంగు అద్దిన గునుగు, పక్కన పట్టుచీరల గులాబీ, ఇవన్నీ ఇంకు అందుకోలేనంత గాఢమైన రంగులు. ఫోన్ కెమెరా వాటిని ఇంకా పెంచే ఇస్తుంది. ఫలితంగా ప్రింట్‌లో బంతిపూల వరుస రేకులు లేని నారింజ పట్టీలా వస్తుంది. చాలామంది అప్పుడు రంగు తక్కువైందని ఇంకా పెంచుతారు. అప్పుడు ఇంకా చదునవుతుంది. మీరు తగ్గించండి. నారింజ, పసుపుల సాచురేషన్‌ను, అంటే రంగు గాఢతను, పది పదిహేను పాయింట్లు తగ్గించి, ఆ రంగుల వెలుగును కొంచెం దించితే రేకుల మధ్య నీడలు తిరిగి వస్తాయి. కంటికి పువ్వు నిండుగా కనిపించేది ఆ నీడల వల్లే. మొదటిసారి ఇలా తీసిన సద్దుల బతుకమ్మ ప్రింట్ చూసి మా చిన్నమ్మ "ఇది మనం పేర్చినట్టే ఉంది" అంది. అంతకుముందు తీసిన ప్రింట్లు చూసి ఆమె ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఏ రంగు కాగితం మీద రాదో ముందే చూపించే సదుపాయం పేరు సాఫ్ట్ ప్రూఫ్. మీ కాగితం ప్రొఫైల్ ఎంచుకొని దాన్ని ఆన్ చేస్తే స్క్రీన్ మీదే ప్రింట్ ఎలా ఉంటుందో ఒక అంచనా వస్తుంది. మొదట అంతా చప్పగా కనిపించి నీరసం వస్తుంది. ఒక్క క్షణం కళ్లు పక్కకు తిప్పి, ఆన్ చేసి, అప్పుడు చూడండి. అక్కడే రెండు మాటలు అడుగుతుంది, పర్‌సెప్చువలా, రిలేటివ్ కలరిమెట్రికా అని. పర్‌సెప్చువల్ అన్ని రంగులనూ కలిపి కొంచెం లోపలికి సర్దుతుంది. రిలేటివ్ ఇంకుకు అందే రంగులను ఉన్నట్టే ఉంచి, అందని వాటిని మాత్రమే అంచుకు తెస్తుంది. బతుకమ్మకు నేను మొదటిది, గుళ్లకు, మనుషులకు రెండోది వాడతాను. ఫొటోలోని నలుపును కాగితం ఇవ్వగల నలుపుకు సర్దే బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి.

మూడోది బూడిద రంగు. వరంగల్ కోటలో కీర్తి తోరణం ఫొటో ప్రింట్ తీయండి, మీ ప్రింటర్ సంగతి మొత్తం బయటపడుతుంది. గ్రానైట్ బూడిద రంగులో ఏ కాస్త పచ్చదనం, ఎరుపు కలిసినా కన్ను వెంటనే పట్టేస్తుంది. పైగా డై ఇంకు బూడిద రంగు కిటికీ దగ్గర ఒకలా, ఎల్ఈడీ కింద ఇంకోలా కనిపిస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లకూ ఇదే ఇబ్బంది. పూర్తి తటస్థమైన బూడిద కోసం ప్రింటర్‌తో యుద్ధం చేయకుండా, ఫొటోకు మీరే కావాలని కొంచెం వెచ్చటి గోధుమ ఛాయ ఇవ్వండి. అప్పుడు చిన్న తేడాలు కనిపించవు, రాతికి కూడా ఆ ఛాయ నప్పుతుంది.

మనుషుల ముఖాల గురించి గట్టిగా చెప్పాలనిపిస్తుంది. తెల్లగా చేయకండి. స్టూడియోలలో అలవాటుగా చర్మాన్ని నునుపు చేసి, రెండు ఛాయలు తేల్చి ఇస్తారు. పొలంలో పని చేసి నల్లబడ్డ ముఖం, దాని మీద చెమట మెరుపు, నుదుటి మీద గీతలు అలాగే రావాలి. ప్రింట్‌లో మన గోధుమ రంగు చర్మం కాస్త ఎర్రగా తిరుగుతుంది. అలా అయితే ఎరుపు సాచురేషన్ కొంచెం తగ్గించండి. అంతకు మించి ముఖాన్ని ముట్టుకోవద్దు.

మేడారం జాతర రాత్రులు తీసిన ఫొటోలలో స్క్రీన్ మీద గింజలు గింజలుగా కనిపించే మరకలు చూసి భయపడొద్దు. 8×12 ప్రింట్‌లో అవి సగం మాయమవుతాయి. వాటిని తుడిచేయబోతే జనం ముఖాలు మైనపు బొమ్మల్లా అవుతాయి.

అన్నీ అయ్యాక సైజు మార్చండి, ఆ తర్వాతే షార్పెనింగ్ (అంచులకు పదును పెట్టడం) చేయండి. ఈ వరుస తప్పొద్దు. కాగితం మీద ఇంకు కొంచెం పాకుతుంది కాబట్టి స్క్రీన్ మీద ఒక పిసరు ఎక్కువ అనిపించేంత షార్ప్ ప్రింట్‌లో సరిగ్గా ఉంటుంది. మ్యాట్ కాగితానికి ఇంకొంచెం కావాలి.

ప్రింట్ విండోలో

ఇక్కడ ఒక్కటే నియమం. రంగుల పని ఒక్కరికే అప్పగించాలి. సాఫ్ట్‌వేర్ చూసుకోవాలి, లేదా ప్రింటర్ చూసుకోవాలి. ఇద్దరూ చేస్తే ముఖాలు ఎర్రబడతాయి, రంగులు ముదిరిపోతాయి. సాఫ్ట్‌వేర్‌లో మీ కాగితం ప్రొఫైల్ ఎంచుకున్నారంటే, ప్రింటర్ డ్రైవర్‌లో రంగుల దిద్దుబాటు ఆపేయాలి. ఎప్సన్‌లో అది 'నో కలర్ అడ్జస్ట్‌మెంట్' అని ఉంటుంది, క్యానన్‌లో మ్యాచింగ్ దగ్గర 'నన్' అని ఉంటుంది. ప్రొఫైల్ అంటే ఫలానా ప్రింటర్, ఫలానా ఇంకు, ఫలానా కాగితం కలిస్తే రంగు ఎలా వస్తుందో చెప్పే చిన్న ఫైలు. కాగితం కంపెనీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. విండోస్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ చేస్తే చాలు. మీ కాగితానికి ప్రొఫైల్ లేదా? అయితే ఫైలును మామూలు స్క్రీన్ల రంగుల పద్ధతి అయిన ఎస్ఆర్‌జీబీలో సేవ్ చేసి, రంగుల పని ప్రింటర్‌కే వదిలేయండి. అలా తీసినా ప్రింట్ బాగానే వస్తుంది.

పేపర్ టైప్ సరిగ్గా పెట్టండి. ఎంత ఇంకు వేయాలో ప్రింటర్ దాన్ని బట్టే నిర్ణయించుకుంటుంది. ఫొటో కాగితం పెట్టి ప్లెయిన్ పేపర్ అని వదిలేస్తే రంగులు చప్పగా, చారలుగా వస్తాయి. క్వాలిటీ హై పెట్టి, హై స్పీడ్ అనే టిక్ తీసేయండి. హెడ్ ఒక వైపు వెళ్లేటప్పుడే వేస్తుంది, సమయం పెరుగుతుంది, గీతలు కచ్చితంగా కలుస్తాయి. బోర్డర్‌లెస్ నేను వాడను. అంచు దాకా నింపడానికి ప్రింటర్ ఫొటోను కొంచెం పెద్దది చేసి చుట్టూ కోసేస్తుంది, అంచున నిలబడ్డ చుట్టం చెయ్యి పోతుంది. చుట్టూ సెంటీమీటరు తెలుపు వదిలితే పట్టుకోవడానికీ, ఫ్రేమ్ కట్టడానికీ వీలుంటుంది.

టెస్ట్ ముక్క

పెద్ద షీటు పెట్టే ముందు ఇది చేయండి, ఎప్పుడూ. ఫొటోలో ముఖ్యమైన భాగాలు, అంటే ముఖం, పువ్వు, తెల్లటి బట్ట మూడూ వచ్చే ఒక పట్టీని కత్తిరించండి. ఒక ఏ4 షీటు మీద దాన్ని ఐదుసార్లు పేర్చండి. మొదటిది ఉన్నట్టే ఉంచి, తర్వాతి వాటికి ఎక్స్‌పోజర్‌ను 0.2, 0.4, 0.6, 0.8 చొప్పున పెంచండి. ఏది ఏదో కింద అంకె వేయండి. అదే కాగితం మీద, అవే సెట్టింగ్‌లతో ప్రింట్ తీయండి.

బయటికి రాగానే తీర్పు చెప్పొద్దు. తడి ఆరేకొద్దీ రంగు మారుతుంది. కనీసం అరగంట ఆగి, ఫొటో ఏ గోడకు తగిలిస్తారో ఆ గోడ దగ్గర పట్టుకొని చూడండి, పగలు ఒకసారి, రాత్రి లైటు వేసి ఒకసారి. మా హాల్లో తగిలించే వాటికి దాదాపు ఎప్పుడూ 0.4 పట్టీయే కుదురుతుంది. కిటికీ లేని మీ వసారాకు 0.6 కావచ్చు. కుదిరిన అంకెను, కాగితం పేరును, ప్రొఫైల్‌ను ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. పది ప్రింట్లయ్యాక ఆ నోట్‌బుక్ చూసి నేరుగా పెద్ద షీటే పెట్టే ధైర్యం వస్తుంది.

ఆరబెట్టడం, ఫ్రేమ్

పెద్ద ప్రింట్ వచ్చాక అంచులు పట్టుకొని తీసి, దుమ్ము పడని చోట పరచండి. ఫ్యాన్ కింద పెట్టొద్దు. అరగంట తర్వాత పైన మామూలు తెల్ల కాగితం కప్పి ఒక రోజు వదిలేయండి. వాన రోజుల్లో రెండు రోజులు. ఇంకులోని తేమ బయటికి పోకముందే అద్దం కింద బిగిస్తే అద్దం లోపల పొగమంచు పట్టినట్టు మసక వస్తుంది.

ఫ్రేమ్ కట్టేవాళ్లకు రెండు విషయాలు గట్టిగా చెప్పండి. ఫొటో అద్దానికి తాకకూడదు, మధ్యలో మౌంట్ బోర్డ్ ఉండాలి. తాకితే మూడు నాలుగు వానాకాలాల్లో అంటుకుపోతుంది, మళ్లీ ఊడదీయలేరు. ఫొటో వెనక ఫెవికాల్ పూయొద్దు, సెలోటేప్ వేయొద్దు. పై అంచున రెండు చోట్ల కాగితం టేపుతో వేలాడదీస్తే చాలు. దండ వేసే ఫొటో అయితే ఇంకో జాగ్రత్త ఉంది. తడి పూల నీళ్లు అద్దం మీదుగా కారి ఫ్రేమ్ కింది అంచులోకి దిగుతాయి, అగరుబత్తి పొగ వెనక సందుల్లోంచి చేరుతుంది. ఫ్రేమ్ వెనక నాలుగు వైపులా టేపు వేసి పూర్తిగా మూయించండి.

నేరుగా ఎండ పడే గోడకు తగిలించొద్దు, ముఖ్యంగా సాయంత్రం ఎండ వచ్చే పడమటి కిటికీ ఎదురుగా. అద్దం కింద, నీడలో ఉన్న డై ఇంకు ప్రింట్, అద్దం లేకుండా వదిలేసిన దానికంటే ఎన్నో రెట్లు నిలుస్తుంది. గాలిలోని ఓజోన్ రంగును తినేయకుండా అద్దమే అడ్డుకుంటుంది.

బిగించే ముందు ప్రింట్ వెనక, తెల్లటి అంచు భాగంలో, మెత్తటి పెన్సిల్‌తో తేలిగ్గా రాయండి. ఆర్‌సీ కాగితం మీద పెన్సిల్ పట్టకపోతే తొందరగా ఆరే సన్నటి మార్కర్ వాడండి. ఫొటోలో ఎవరున్నారు, ఏ ఊరు, ఏ పండుగ, ఏ సంవత్సరం. నానమ్మ ఆల్బమ్‌లో ఒక ఫొటో వెనక ఇలాంటి రాత ఏదీ లేదు. అందులో ఆమె పక్కన నిలబడ్డ ఇద్దరు అమ్మాయిలు ఎవరో ఇప్పుడు మా ఇంట్లో చెప్పగలిగేవాళ్లు లేరు.